నాలుగో గడి

పాడి సంఘం రిజిస్టర్లో మగ పశువుకు నాలుగు గడులుంటాయి. దూడ, కోడె, ఆబోతు, ఎద్దు. కోడె గడి దాకా అన్నీ ఒకే దారిన వస్తాయి. మందకు పనికొచ్చేది మూడో గడిలోకి వెళుతుంది. పనికిరానిది పటకారుతో విత్తులు నొక్కించుకుని నాలుగో గడిలోకి పోతుంది. అందులోంచి వెనక్కి వచ్చిన పశువు ఇంతవరకూ లేదు.

గుమాస్తా కలం పట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ తొంభయ్యో రోజు.

"పొద్దు వాలేదాకా ఆగండయ్యా, మీకు దణ్ణం పెడతా," అన్నాడు కోడె ఆసామి.

"ఆగుతాలే. మూడు నెలలుగా ఆగడమేగా నా ఉద్యోగం!"

ఆసామికి ఈ కోడె తప్ప ఏమీ లేదు. రెండేళ్ళ కిందటి దాకా వేరే చోట బండి తోలుకునేవాడు. రోగమొచ్చి బండెద్దులు రెండూ వారం తేడాలో పోయాయి. భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని ఉత్త చేతులతో అక్క ఇంటికి వచ్చాడు. అక్క తన కొట్టంలో ఉన్న కోడెదూడను విప్పి, పలుపు అతని చేతిలో పెట్టింది.

"పెంచుకోరా. మంచి ఆవు కడుపున పుట్టింది. ఇది ఆబోతయితే నీ బతుకు గట్టెక్కినట్టే."

పెంచడం కాదు, నెత్తిన పెట్టుకున్నాడు. పిల్లలకు లేకపోయినా దానికి పెట్టాడు. అది రెండు పళ్ళు వేసేసరికి దారిన పోయేవాళ్ళు ఆగి చూడటం మొదలెట్టారు. సంఘం నుంచి కబురొచ్చింది. పరీక్షలో నెగ్గితే ఆబోతుల కొట్టంలో కోడెకు చోటు, అతనికి కాపరి ఉద్యోగం, సంసారానికి ఒక గది. నెగ్గకపోతే పటకారు.

సంఘంలో ఒక పెయ్య ఉంది. ఈడొచ్చినా ఎదకు రాలేదు. అరవదు, గెంతదు. దీనిది మూగ ఎద అని తేల్చారు. మనుషుల కంటికి ఆననిది కోడె ముక్కు పసిగడుతుంది కాబట్టి, కొత్త కోడెను అలాంటి పెయ్యతోనే మూడు నెలలు ఒకే దొడ్లో వదలడం అక్కడి పద్ధతి.

వదిలిన రోజు జనం కంచె చుట్టూ మూగారు. కోడె నేరుగా పెయ్య దగ్గరికి వెళ్ళింది. మెడ నాకింది. పక్కనే పడుకుని నెమరేసింది. అంతే! మర్నాడూ అంతే. నెల తిరిగినా అంతే.

ఆసామి చెయ్యని పని లేదు. నానబెట్టిన గింజలు పెట్టాడు. ఒళ్ళంతా రుద్దాడు. చివరికి సిగ్గు విడిచి దాని చెవిలో బతిమాలాడు.

"ఒక్కసారిరా నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే పట్టుకున్నాడు. కోడె అతని తల నాకింది. అందర్నీ నాకుతుంది, చెయ్యాల్సింది మాత్రం చెయ్యదు.

అక్క రోజూ పాలు పోయడానికి వచ్చి కంచె దగ్గర నిలబడేది. ఒకరోజు ఆమే గుమాస్తాను పట్టుకుంది.

"ఆ పెయ్య వద్దు బాబూ. ఇంకోదాన్ని వదలండి."

"ఏం, దానికేమైంది?"

"ఏమో, నాకు మనసొప్పట్లేదు."

"మీ మనసుకి రిజిస్టర్లో గడి లేదమ్మా."

గుమాస్తా కొత్తగా వచ్చినవాడు. కాగితమంటే ప్రాణం. పశువుల కాంపౌండరుకీ పెయ్య మీదే అనుమానం కలిగింది.

"సత్తువ చాలకపోయినా ఎదకు రావు. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్యయితే ఇక గొడ్డే, ఏ కోడే దాని మీదికి ఎక్కదు. లేదా పురుగులు పట్టి ఉండొచ్చు," అన్నాడు.

పురుగుల మందు పట్టించారు. సత్తువకు లోటేమీ కనబడలేదు. గుమాస్తా పెయ్య పుట్టుక కాగితం తీసి చూపించాడు. ఒంటి కాన్పు అని రాసి ఉంది.

"ఇక్కడ కాగితం అబద్ధం చెప్పదు. తప్పుడు కాగితం ఇచ్చిన ఇంటి పాలు ఈ సంఘం జన్మలో పోయించుకోదు," అన్నాడు. ఇక తప్పంతా కోడె మీద పడింది.

పొద్దు వాలింది. కాంపౌండరు పటకారు తెచ్చాడు. కోడె ఎప్పటిలాగే ఆసామి వెనకాల బుద్ధిగా నడిచి వచ్చింది, దారిలో అతని మోచెయ్యి నాకుతూ. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్క ఒక్క ఉదుటున వచ్చి కాంపౌండరు చెయ్యి పట్టేసుకుంది.

"ఆగండి! తప్పు దానిది కాదు."

"మరెవరిదో చెప్పమ్మా, ఇప్పుడే ఆపేస్తా," అన్నాడు గుమాస్తా.

ఆమె నోరు తెరిచింది. చేతిలో పాలక్యాను ఉంది. ఇంట్లో మంచాన పడ్డ మొగుడు ఉన్నాడు. ఆ క్యానే ఇంటికి ఆధారం. ఆమె కాంపౌండరు చెయ్యి వదిలేసింది.

కోడె ఒక్కసారే అరిచింది. గుమాస్తా నాలుగో గడిలో రాసి, సిరా ఆరేదాకా ఊదాడు.

తిరుగుదారిలో ఎద్దు కాళ్ళు ఎడం చేసుకుని నెమ్మదిగా నడిచింది. ఆసామి కూడా దానితో సమంగానే నడిచాడు. అక్క ఏడుపు ఎంతకీ ఆగలేదు.

"ఊరుకో అక్కా. నా కోసం ఇంకెవరు అంత పోట్లాడతారు? నీ తప్పేముంది ఇందులో?"

ఇల్లు చేరగానే ఆమె కొట్టంలోకి వెళ్ళి ముసలి ఆవు ముందు కూలబడింది.

రెండున్నరేళ్ళ కిందట ఆ ఆవు ఒకే పూట రెండు దూడల్ని ఈనితే, కోడెదూడను కొట్టంలోనే ఉంచుకుంది అక్క, పెయ్యదూడను ఒంటి కాన్పని రాయించి సంఘానికి అమ్మేసింది.