కంచులో ఇళంగో

"ఎడమ కనుబొమ్మ కొంచం పైకుండల్ల సామీ" అంది కన్నమ్మాళ్.

శిల్పి రత్నసభాపతి విసుక్కోకుండా మట్టి సర్దాడు. ఈసారి అచ్చం ఇళంగోనే! రెండేళ్ల కిందట నగరం శుభ్రం చేసే పనికి పోయి తిరిగి రాని పెద్దకొడుకు. కన్నమ్మాళ్ ఆ మట్టి చెంప నిమిరి బావురుమంది. ఏం చేస్తుంది మరి, గుర్తింపు కార్డు మీది మసక ఫోటో తప్ప ఇంట్లో వాడి మొహం ఇంకెక్కడా లేదు.

మట్టిని కంచు చేసి మదురై ఆర్ట్ గ్యాలరీలో నిలబెట్టాలంటే వార్డు నిధి కావాలి. ఆ నిధి ఒక్క పనికే చాలుతుందట. ఏ పనో సభ పెట్టి వీళ్ల తెలుగు కాలనీ వాళ్లనే తేల్చుకోమన్నారు.

సభకు చిన్నకొడుకు కుమరేశన్ కూడా ఒక కాగితం రాసుకుని వచ్చాడు. అన్న చేసిన పనే అతనిదీ. ఆ పని మాట ఇంట్లో ఎత్తితే తల్లి అన్నం ముట్టదు. అందుకే కాగితంలో ఏముందో ఆమెకు చెప్పలేదు.

ముందు కన్నమ్మాళ్ లేచింది. గ్యాలరీ నిండా రాజులు, జమీందార్లు, వాళ్ల గుర్రాల విగ్రహాలే. ఊరు కడిగినవాడికి ఓ మూల కూడా లేదా అని పెద్దలను దులిపేసింది.

"గుర్రానికి సిలై ఉండాది. నా కొడుక్కి యేల ఉండకూడదు? ఇదేనా నాయం?"

నిజమే కదా! సభలో సగంమంది కళ్లు తుడుచుకున్నారు. తర్వాత కుమరేశన్‌ను పిలిచారు. అతను తల్లి మొహం చూశాడు, చేతిలో కాగితం చూశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు.

"అమ్మ అడిగిందే సెయ్యండి. నాది వచ్చే వరుషం సూస్తాం."

ఆరు నెలలకు బొమ్మ ముసుగు తీశారు. గుర్రాల పక్కనే ఇళంగో, ఎడమ కనుబొమ్మ కొంచెం ఎత్తి, నవ్వుతూ! కన్నమ్మాళ్ గుండె నిండిపోయింది. కుమరేశన్ మాత్రం ఇంకా రాలేదు. మాట్టుతావణి బస్టాండు దగ్గర అర్జెంటు పనట, మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. అతని వంతు లడ్డూలు రెండు కొంగున కట్టుకుని, ఆమె గుమ్మం వైపే చూస్తూ కూచుంది.

అదే వేళకు మాట్టుతావణి దగ్గర, అన్నలాగే మురుగు గుంతలోకి దిగి మళ్లీ పైకి రాని కుమరేశన్ గట్టు మీద విప్పిపెట్టిన చొక్కా జేబులోంచి ఎవరో, అతను సభ నాటినుంచీ వెంట పెట్టుకు తిరుగుతున్న నాలుగు మడతల కాగితం తీసి చదివారు: "మనిషి దిగకుండా మురుగు తోడే యంత్రం కొనివ్వండి."