పదికి పదహారు

శాలువా ధర పదహారు రూపాయలన్నాడు ఖాట్మండు కొట్టువాడు. సత్తవ్వ కొంగుముడి విప్పి, ఇంటి నుంచి దాచి తెచ్చుకున్న మన పది రూపాయల నోటు అతని ముందు పెట్టింది. మిగతా ఆరూ ఎక్కడ తేవాలా అని ఆలోచిస్తుండగానే, కొట్టువాడు నోటు గల్లాలో వేసుకుని శాలువా మడిచి చేతికిచ్చాడు.

"ఇంక ఆరియ్యాలె గద" అంది సత్తవ్వ, తనకొచ్చిన ఉర్దూలో.

"మీ పది ఇక్కడ పదహారమ్మా. ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు."

సత్తవ్వ వేళ్ల మీద లెక్కేసుకుంది. నేపాల్‌లో అడుగుపెట్టగానే, బీర్‌గంజ్‌లో, తను రెండు వందలు దశరథం చేతిలో పెట్టింది. "వందకు వందే. మార్చి నా కాడ పెట్టుకుంట, రోజుకింత ఇస్త. పరాయి దేశంల చేతిల పైసలు ఆగుతయా?" అన్నాడతను. అరవై నాలుగులో శివరాత్రికి పశుపతినాథుణ్ణి చూద్దామని బోధన్ నుంచి అతని వెంట బయల్దేరిన ఏడుగురూ అలాగే ఇచ్చారు. ఇదివరకు వచ్చివెళ్లినవాడు, తోవ తెలిసినవాడు అతనొక్కడే.

ఆమె ధర్మశాలకు వచ్చేసరికి దశరథం వరండాలో కూర్చుని ఆనాటి ఖర్చు పంచుతున్నాడు. మనిషికి నాలుగు రూపాయలు. సత్తవ్వ అన్న చంద్రయ్య, డెబ్బై ఏళ్లవాడు, చలికి వణుకుతూ, దగ్గుతూ అతని ముందు నిలబడి ఉన్నాడు.

"దవాఖానకు వోవాలె దశరథం. ఇంకో పది ఇయ్యి."

"నీయి ఒడిసినయి చంద్రన్నా. రేపటి బువ్వకే సాలయి. రెండు మిరియాలు నములు, తగ్గుతది."

సత్తవ్వ శాలువా అన్న భుజాల మీద కప్పి, దశరథం వైపు తిరిగింది.

"పదికి పదహారట గద."

చిల్లర ఏరుతున్న దశరథం వేళ్లు ఆగాయి. "ఎవలన్నరు?"

"శాలువ అమ్మినోడు."

"వాడు శాలువ అమ్ముకునెటందుకు నూరు చెప్తడు. కమీషన్ పోను, పన్ను పోను వందకు వందే. నమ్మకుంటె రేపటి సంది ఎవల తోవ వాళ్లే సూసుకోండ్రి." అతను నవ్వాడు. "శివుణ్ణి సూడ వచ్చినవా సత్తక్కా, నా లెక్కలు సూడ వచ్చినవా?"

మిగతావాళ్లు తమ నాలుగు రూపాయలు ముడేసుకున్నారు. తిరిగి ఊరు చేర్చవలసినవాడు అతనే మరి. ఇద్దరు నవ్వారు కూడా. దశరథం భార్య లింగవ్వ తల వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

మిగిలిన మూడు రోజులూ చంద్రయ్య దగ్గుతూనే ఉన్నాడు. అతను దగ్గినప్పుడల్లా సత్తవ్వ కళ్లు దశరథం మీదికి పోయేవి. వీణ్ణి తిట్టి వదిలితే కడుపు చల్లారదు. దెబ్బ తగలాలి, తగిలిందని నలుగురికీ చెప్పుకోలేకపోవాలి.

ఆ గొడవైన మర్నాడే తను దశరథం దగ్గరికి వెళ్లింది. "తప్పయింది తమ్మీ. ముసలిదాన్ని, సమజ్ కాలె" అంది. దశరథం పెద్దమనసుతో తలూపాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే అతను ఆమెను పక్కకు పిలిచి, గుడ్డలో పెట్టి కుట్టిన మూట ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇది నడుముకు కట్టుకో అక్కా. సరిహద్దు కాడ మొగోళ్లను దులిపి సూస్తరు. తెల్లవెంట్రుకల ఆడమనిషి మీద చెయ్యెయ్యరు. నిజామాబాద్‌ల దిగినంక నాకియ్యి. పది రూపాలిస్త."

"ఏమున్నయి తమ్మీ ఇండ్ల?"

"చేతిగడియారాలు. ఎనిమిది. ఫారిన్ మాల్, మనకాడ రెండింతలు వలుకుతది."

ఏడుగురి డబ్బు మీద మిగిలినదంతా ఎక్కడికి పోయిందో సత్తవ్వకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మూట నడుముకు బిగించి కట్టుకుంది.

రక్సౌల్‌లో కస్టమ్స్ అధికారి దశరథం తలపాగా విప్పించాడు. పెట్టె బోర్లించాడు. చెప్పులు కూడా తిరగేసి చూశాడు. ఏమీ దొరకలేదు. తర్వాత వచ్చి సత్తవ్వ ముందు ఆగాడు.

"నీ దగ్గరేముందమ్మా?"

సత్తవ్వ దశరథం వైపు చూసింది. పొద్దుటి చలిలోనూ అతని మెడ మీద చెమట పట్టింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, అతని గుటకలు ఇంకాసేపు చూసింది.

"రుద్రాక్షలు సాబ్" అంది చివరికి.

ఆ తర్వాత ఎక్కిన ప్రతి రైల్లోనూ దశరథం గురకపెట్టి నిద్రపోయాడు.

నిజామాబాద్ ప్లాట్‌ఫారం మీద దిగగానే ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. "మూట ఇయ్యి అక్కా."

"ఏం మూట?"

"పరాచికాలొద్దు. తొందరగ ఇయ్యి."

"నీ మూట పోతే అగో, పోలీసాయన నిలవడ్డడు. పొయ్యి చెప్పు. అండ్ల ఏముండెనో చెప్పు, ఏడ కొన్నవో చెప్పు. ఎవల పైసలతోని కొన్నవో గది గూడ చెప్పు."

దశరథం పోలీసు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. మిగతావాళ్లు మూటాముల్లె కింద పెట్టి చుట్టూ నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"లింగవ్వా," అన్నాడు గొంతు తగ్గించి, "దాని నడుము ఎతుకు."

లింగవ్వ కదల్లేదు. గాజులు పైకి జరిపి, మణికట్టు వెలుతురుకు తిప్పి చూసుకుంది.

"బోధన్ బండికి ఇంక ఏడు నిమిషాలే ఉన్నది" అంది. "కావాల్నంటె అందర్ని అడుగు, ఎవల గడియారం సూసినా గదే చెప్తది."