కొంగగారి క్లాసు

నే చెప్పేది నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఓ చెరువులో పక్షుల యూనివర్సిటీ ఉండేది. అక్కడ కొంగ మాస్టారు నీళ్లలో కదలకుండా నిలబడడం నేర్పేవారు. లకుముకి మేడమ్ నీళ్లలోకి దూకడం నేర్పేవారు. ఇద్దరికీ పొద్దున మొదటి గంటే కావాలి. "ఆవిడ దూకితే నా క్లాసంతా తడిసిపోతోంది" అని ఆయన, "ఆయన కునుకు తీసి పాఠమంటారు" అని ఆవిడ, తామరాకుల మీద తొమ్మిది లక్షల ఫిర్యాదులు రాసుకున్నారు. మాటలు మాత్రం లేవు. శాఖాధిపతి తాబేలుగారు కమిటీ వేశారు. ఆ కమిటీ మొదటి మీటింగుకి నడిచొచ్చేలోపు చెరువు రెండుసార్లు ఎండి మళ్లీ నిండింది.

ఇంతలో కొంగ మాస్టారి కాలికి ముల్లు గుచ్చుకుంది, క్లాసుకి రాలేకపోయారు. చూస్తే పరీక్షలు వారంలో ఉన్నాయి. నాలుగో రోజు ఆయన కుంటుకుంటూ వచ్చేసరికి తన గంటలో లకుముకి మేడమ్! "నా క్లాసు కూడా లాగేసుకుందీ!" అని ఇంకో ఫిర్యాదు రాయడానికి ఓ తామరాకు తెంపి, రెల్లు చాటున నక్కారు.

పిడికెడంత లకుముకి మేడమ్ ముక్కుదాకా నీళ్లలో మునిగి, ఒంటికాలి మీద వణుకుతూ నిలబడి ఉన్నారు.

"నాకొచ్చింది ఇంతే పిల్లలూ. కొంగగారైతే ఎంత అందంగా చెప్తారో! ఆయనొచ్చేదాకా పాఠం ఆగకూడదు కదా."

ముక్కున పట్టిన తామరాకు ఎప్పుడు జారిపోయిందో మాస్టారికి తెలియదు. నీళ్లలోకి దిగి ఆవిడ పక్కన నిలబడ్డారు.

"మేడమ్, మునిగిపోతారు. నా వీపెక్కి చెప్పండి. నేనూ వింటాను."