సారెలో వచ్చిన ఆటపెట్టె

హిమజ సారెలో తెచ్చుకున్న వీడియో గేముల ఆటపెట్టె గోదావరి ప్రాంతానిది. అత్తవారి ఊరు అనంతపురంలో కొన్న ఆట అందులో పెడితే, "ఇది మీ ప్రాంతపు ఆట కాదు" అని మర్యాదగా చెప్పి బయటికి నెట్టేస్తుంది. మిక్సీలకూ కుక్కర్లకూ కూడా ప్రాంతాల తాళాలున్న రోజులు కాబట్టి ఎవరికీ అది వింతగా తోచలేదు. పెట్టె ప్రాంతాన్ని ఒక్కసారే మార్చుకోవచ్చు. మార్చాక పాత ఆటలు ఇక తెరుచుకోవు. మూడు నిద్రలు తీరకముందే కొత్త కోడళ్ళు మార్చేసుకోవడం ఆనవాయితీ.

"మార్చేయ్, ఏమైతాది? ఇద్దరి పెట్టెలూ ఒక ప్రాంతానివైతేనే కదా కలిసి ఆడుకునేది," అన్నాడు భర్త నరహరి.

చెల్లెలితో ఆడిన పడవ పందేలన్నీ తలుచుకుంటూ హిమజ ప్రాంతం మార్చే మీట మీద వేలు పెట్టింది.

"ఆగమ్మా!"

బియ్యం కడుగుతున్న అత్త మంగతాయారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ పుట్టిల్లు అమలాపురం. బీరువాలో పట్టుచీరల అడుగు నుంచి ఒక ఆట బిళ్ళ తీసింది.

"మా నాన్న కొనిచ్చాడు. పెళ్ళైన మూడో రోజే నా పెట్టె మార్చేశాను. దీన్ని చూసి ముప్ఫయ్యేళ్ళయింది. నీ దాంట్లో ఓసారి పెట్టవే."

బిళ్ళ లోపలికి జారింది. తెర మీద రేవు, కొబ్బరితోట, అవతలి ఒడ్డుకు కదులుతున్న పంటు. మంగతాయారు పీట లాక్కుని కూర్చుంది. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా లేవలేదు.

"మరి నాతో ఎవరు ఆడేదమ్మా?" అన్నాడు నరహరి.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

"అదే మీట నీ పెట్టెకీ ఉందిరా."