అల్లుడికి సర్కారు పూచీ

జెబరాజ్ గారికి,

ఇరవయ్యో తేదీన మా నాన్న మళ్లీ మీ ఎగుమతి ఇన్సూరెన్సు ఆఫీసుకు వస్తున్నాడు కనుక ఈ కార్డు ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

మా అప్పడాలు కొన్న మలేషియా వ్యాపారి డబ్బివ్వకపోతే సర్కారు ఇస్తుందని, ముందే అతని మంచిచెడ్డలు విచారిస్తుందని మీరే చెప్పారు. ఇప్పుడు నాకు మలేషియా సంబంధం వచ్చింది. నాన్న పెళ్లికొడుకు ఫోటో పట్టుకుని వస్తున్నాడు.

“ఈడోడు చెడిపోతే ఎవురు పూచీ మే? ఆడోడికైతే గవర్నమెంటే ఉండాది” అంటున్నాడు.

అల్లుళ్లకు పూచీ ఇవ్వరని చెప్పండి. మీ మాటైతే వింటాడు. మన తొండియార్‌పేటలోనే సంబంధం చూడమనండి. మీ ఇల్లూ అక్కడే కదా.

నేను మీకు ఇష్టమో కాదో పద్దెనిమిదో తేదీలోగా కార్డు మీదే రాయండి. మా ఇంట్లో చదవడం నాకొక్కదానికే వచ్చు.

పరిమళ