గుండె ఆగిపోతోందండీ

మా చెల్లి నవ్వుతూ అన్న మాటను మీరు జబ్బుగా రాసుకున్నారు.

పరాయి దేశానికి చదువుకు వెళ్లేముందు ఇన్సూరెన్సు కోసం మీకు ఫోన్ చేసింది. మా మెకానిక్ షెడ్డులో పక్కనే నేను బండి విప్పుతున్నాను. స్పీకరులో అంతా విన్నాను.

"జబ్బులేమైనా ఉన్నాయా అమ్మా?"

"విమానం అంటేనే గుండె ఆగిపోతోందండీ!"

మీరూ నవ్వారు. నవ్వి, గుండెజబ్బు అని రాశారు. మీరు పుట్టింది తెలుగింట్లోనేగా?

అక్కడ జ్వరంతో ఆసుపత్రికి వెళ్తే, మీ కాగితాల్లో పాత గుండెజబ్బుందట, ఇన్సూరెన్సు కార్డు చెల్లదని పంపేశారు. గదికొచ్చి పడుకుంది. మళ్లీ లేవలేదు.

ఇప్పుడు పొరపాటైంది, డబ్బిస్తామంటారా? ఎవడిక్కావాలి మీ డబ్బు?

ఆ రోజు ఫోన్ రికార్డు చేశామన్నారుగా, అది పంపండి. అందులో మా చెల్లి నవ్వుంది. అమ్మ వినాలంటోంది.

శుక్రవారంలోగా జవాబు రావాలి.