పాటలు లేని సినిమా

“మళ్ళీ పాట దాటించేశారా?” వంటింట్లోంచే అడిగింది నర్సు.

“ఊఁ,” అన్నాడు ఆమె మొగుడు డ్రాయింగు మాస్టారు, రిమోటు కింద పెట్టకుండానే.

ప్రతి ఆదివారం ఇదే వరస. పాతికేళ్ళ నాటి కాలేజీ ప్రేమ సినిమా, అదే డిస్కు. ఆ రోజుల్లో కుర్రకారంతా పాటల కోసమే ఎగబడ్డారు. నర్సు కూడా క్లాసు ఎగ్గొట్టి మూడుసార్లు చూసింది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆ డిస్కు తీస్తే, పదహారేళ్ళ వయసు తిరిగొచ్చినంత సంబరంగా పక్కన కూర్చుంది. ఆ సంబరం మొదటి పాట దాకానే. ఈ మనిషి పాటలన్నీ దాటించేస్తాడు. రెండు జడల హీరోయిన్ నోరు విప్పగానే సౌండు పెంచి, కళ్ళు మూసుకుంటాడు. మూసిన కళ్ళ వెనక ఏం చూసుకుంటున్నాడో అని ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

“ఆవిడ కొత్త సినిమా వచ్చిందట, వెళ్దామా?” అని ఎర వేసింది.

“వద్దు. నాకిది చాలు.”

“అంటే, పదహారేళ్ళ పిల్లే కావాలన్నమాట.”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆమెను వారమంతా కాల్చుకు తింది. చనిపోయిన మొదటి భార్య మీద కూడా ఇంత కుళ్ళుకోలేదు. పెళ్ళినాడే “ఆవిడ ఊసు ఈ ఇంట్లో వద్దు,” అంటే, ఫోటోలన్నీ చెల్లెలింటికి చేర్చేసి మళ్ళీ ఆ పేరెత్తలేదు. అంత మాట వినే మనిషి ఈ తెరమీది పిల్లను మాత్రం వదలడేం?

మరుసటి ఆదివారం ఆయన కూరగాయలకు వెళ్ళగానే, డిస్కును రెండు ముక్కలు చేసి అట్టపెట్టెతో సహా చెత్తబుట్టలో పడేసింది. చేతులు దులుపుకుంటుంటే ఆడపడుచు వచ్చింది. బుట్టలోకి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేంటి వదినా? పాటలైతే ఎక్కడైనా దొరుకుతాయి. సినిమా ఇంకెక్కడా లేదు. అన్నయ్య ఎన్నేళ్ళు వెతికాడో తెలుసా?”

“పీడా పోయింది. మీ అన్నయ్యకి నాకంటే ఆ హీరోయినే ఎక్కువైపోయింది.”

ఆడపడుచు వంగి ముక్కలు రెండూ ఏరి అరచేతిలో పెట్టుకుంది.

“అన్నయ్య నీకేమీ చెప్పలేదా?”

“ఏం చెప్పాలి?”

“చెప్పడులే. నీకిచ్చిన మాట తప్పడు.”

“ఏంటో నువ్వు చెప్పు.”

“ఆ హీరోయిన్‌కి డబ్బింగు చెప్పింది చనిపోయిన వదినే.”